అతిథి మాటలాడిన తరువాత

సేవాసంఘముల వారపు సభ ఎట్లుండునో పట్టణవాసులకు క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. రోటరీ కానిండు, లయన్స్ కానిండు, మరి యే పేరు గలది కానిండు, సభ నడచు తీరు ఇంచుమించు ఒక్కటే. ఆహ్వానపత్రమున సాయంకాలము ఏడున్నర గంటలని యుండును. ఎనిమిది దాటిన తరువాత అధ్యక్షుడు మెడలో పదవీచిహ్నమైన పట్టీ ధరించి బల్లమీది గంటను మ్రోగించును. ప్రార్థన యగును. ఆ వారమున పుట్టినరోజులు, పెండ్లిరోజులు వచ్చిన సభ్యులను ముందుకు పిలిచి పుష్పగుచ్ఛములిత్తురు. ఆలస్యముగా వచ్చినవారికిని, సంఘచిహ్నమును చొక్కాకు పెట్టుకొనుట మరచినవారికిని నవ్వుచు జరిమానా విధింతురు. కార్యదర్శి ప్రకటనలు చదువును. పిమ్మట ఒక సభ్యుడు లేచి, అతిథి పుట్టిన ఊరు మొదలు పొందిన బిరుదముల వరకు టైపు చేసి తెచ్చిన రెండు పుటలను చదివి వినిపించును. అతిథి మాటలాడును. శాలువా, జ్ఞాపిక, ఛాయాచిత్రము, వందనసమర్పణ, జాతీయగీతము. ప్రక్కగదిలో భోజనము చల్లారుచుండును.

ఇందు తప్పు పట్టవలసినదేమియు లేదు. పదిమంది కలిసి నవ్వుకొనుట తప్పు కాదు; కలిసి భుజించుట అంతకన్నను కాదు. కాని ఆ సభలో ఆ వారమునకు క్రొత్తది ఒక్కటే యుండును. అది అతిథి తెచ్చిన మాట. తక్కినదంతయు పోయిన వారము జరిగినదే, వచ్చు వారము జరుగబోవునదే. ఆ క్రొత్తదానికి దక్కు కాలము ఇరువది నిమిషములు. ఆ మాటమీద ఒక ప్రశ్న వేయుటకు దక్కు కాలము, తరచుగా, శూన్యము. అతిథి చెప్పినదానిని మరుసటి వారమున తలచుకొను ఆచారము దాదాపు ఎచ్చటను లేదు. సేవ పేర వెలసిన సభకు ఇంతకన్న పెద్ద లోటు మరియొకటి లేదనవచ్చును. ఎందుచేతననగా, ఆ సభ నిర్మాణమందే ఒక గొప్ప సౌకర్యమున్నది. దానిని ఉపయోగించుకొనునది అతిథి వచ్చిన గంటలోనే.

ఆ సౌకర్యమేదో తెలియవలెనన్న ఈ యాచారము పుట్టిన చోటికి పోవలసియుండును. 1905 ఫిబ్రవరి 23వ తేదీ రాత్రి, అమెరికాలోని షికాగో నగరమున డియర్‌బర్న్ వీధిలోని యూనిటీ భవనములో 711వ నంబరు గదియందు నలుగురు కూడిరి. పాల్ హారిస్ న్యాయవాది. సిల్వెస్టర్ షీలీ బొగ్గు వర్తకుడు. హైరమ్ షోరీ దర్జీ. ఆ గదిలో కార్యాలయము పెట్టుకొన్న గస్టేవస్ లోర్ గనుల ఇంజనీరు. హారిస్ వెర్మాంట్ రాష్ట్రములోని వాలింగ్‌ఫర్డ్ అను చిన్న ఊరిలో తాతగారింట పెరిగినవాడు. పలకరించు దిక్కు లేని మహానగరమున తన ఊరి స్నేహము వంటి స్నేహమును వెదకుకొనుటయే ఆయన మొదటి కోరిక. ఒకమారు ఒకరి కార్యాలయమున, మరియొకమారు మరియొకరి కార్యాలయమున వంతులవారీగా కూడుచు వచ్చుటచేతనే ఆ సంఘమునకు రోటరీ యను పేరు కలిగినది.

ఒక్కొక్క వృత్తినుండి ఒక్కొక్కరిని మాత్రమే చేర్చుకొనుట ఆనాటి నియమము. ఇందు మొదట స్వార్థము లేకపోలేదు. ఒకే వృత్తివారు ఇద్దరుండినచో పోటీ పుట్టును. ఒక్కడే యుండినచో తక్కిన సభ్యుల బేరమంతయు అతని అంగడికే చేరును. అయినను ఆ నియమమువలన, ఎవరును తలపెట్టని మేలొకటి జరిగినది. ఒక్క బల్లచుట్టు ఊరిలోని పనులన్నియు తెలిసినవారు కూర్చుండిరి. వైద్యుడు, ఇంజనీరు, అచ్చు యంత్రము గలవాడు, బండ్లు గలవాడు, చట్టము తెలిసినవాడు ఒకే గదిలో, ఒకే వేళ దొరకుట సామాన్యముగా జరుగునది కాదు. ఏ ప్రభుత్వ కార్యాలయమునందును ఇన్ని శాఖలవారు ఒక్కచోట కనబడరు. 1907 నాటికే ఆ షికాగో సంఘమువారు బేరములు వదలి, నగరమున బాటసారులకు మరుగుదొడ్లు కట్టింపవలెనని పట్టుబట్టిరి. సేవాచరిత్రలో మొదటి అధ్యాయము మరుగుదొడ్డితో ప్రారంభమగుట కొందరికి చిన్నతనముగా తోచవచ్చును. బస్సు స్టాండులో దిగి దిక్కులు చూచు స్త్రీలకు మాత్రము అట్లు తోచదు.

భారతదేశమున ఈ సంఘము మొదట వెలసినది కలకత్తాలో. 1920 జనవరి 1వ తేదీన దానికి గుర్తింపు లభించినది. 1929లో మద్రాసున వచ్చినది. 1917లో అమెరికాలో పుట్టిన లయన్స్ సంఘము 1956లో బొంబాయికి చేరినది. 1962–63లో రోటరీ సంఘములన్నిటికిని ప్రపంచాధ్యక్షుడైన నితీశ్ లహరి కలకత్తావాడు; ఆసియా ఖండమునుండి ఆ పదవినందినవారిలో ఆయనయే మొదటివాడు. ఇప్పుడు తెలుగు జిల్లాలలో ఒక మోస్తరు పట్టణములందు సైతము ఇట్టి సంఘములు రెండో మూడో కనబడును.

ఇట్టి సభలను చూచి నవ్వినవారు లేకపోలేదు. అమెరికా నవలాకారుడు సింక్లెయిర్ లూయిస్ 1922లో ‘బాబిట్’ అను నవలను వ్రాసెను. అందు ఇండ్ల బేరములు చేయు బాబిట్ అను పెద్దమనిషి సంఘపు విందులకు పోవును, చప్పట్లు కొట్టును, ఊరి అభివృద్ధి అనుచు ఉపన్యసించును. లోలోపల మాత్రము తన బ్రతుకులో ఏదో కొఱతయున్నదని కుములుచుండును. ఆ పుస్తకము వచ్చిన తరువాత బాబిట్ అను పేరే ఆంగ్లభాషలో ఒక మాటగా నిలిచిపోయినది. లూయిస్ వెక్కిరింత నిజమైనదే. నేటికిని ఏ పట్టణమందలి సభలోనైనను ఒక బాబిట్ ముందు వరుసలో కూర్చుండియుండును. కాని నవ్వి ఊరకుండుట సులభము. అట్టి బాబిట్‌ల సభలోనే, ఆ నవల వచ్చిన మూడేండ్లకు, ఒక అతిథి మాటలాడినప్పుడు ఏమి జరిగినదో చూడవలసియున్నది.

1925 జూన్ 30వ తేదీన ఒహాయో రాష్ట్రమున సీడార్ పాయింట్ అనుచోట లయన్స్ సంఘముల మహాసభ జరిగెను. ఆ సంఘము పుట్టి అప్పటికి ఎనిమిదేండ్లే. అది వారపు సభ కాదు, వేలమంది కూడిన వార్షికోత్సవము. అయినను ఏ చిన్న సభకైనను పాఠము కాదగినది అందొకటి జరిగినది. ఆనాటి అతిథి హెలెన్ కెల్లర్. పందొమ్మిది నెలల పసితనముననే చూపును, వినికిడిని పోగొట్టుకొని, ఏడవయేట ఆన్ సలివన్ అను ఉపాధ్యాయురాలి చేతులలో పడి, అరచేతిలో వ్రాసిన అక్షరముల ద్వారా లోకమును నేర్చుకొని, 1904లో కళాశాల పట్టమును పొందిన స్త్రీ ఆమె. ఆమె ఉపన్యాసము దీర్ఘమైనది కాదు. సభవారి సేవాతత్పరతను పొగడలేదు. తన కష్టములను వర్ణించి కన్నీరు పెట్టింపలేదు. ఉన్నట్టుండి ఈ క్షణమున మీ చూపు పోయినచో ఎట్లుండునో ఊహించుకొనుడని అడిగెను. పిమ్మట, అంధత్వము కొంత నివారింపదగినదని చెప్పి, అంధులకై పనిచేయు సంస్థకు తోడ్పడుడని, చీకటిపై పోరాడు యోధులు కండని కోరెను. అంతే. కోరిక ఒక్కటి, అది స్పష్టము. అవునో కాదో చెప్పక తప్పించుకొనుటకు వీలు లేనిది.

సంఘమువారు అవుననిరి. నాటినుండి నేటివరకు నేత్రసేవ ఆ సంఘపు ప్రధాన కార్యమైనది. ఊరూర లయన్స్ వారి కంటి వైద్యశిబిరములు, నేత్రచికిత్సాలయములు కనబడుటకు మూలము ఆ చిన్న ఉపన్యాసమే. ఇందొక విడ్డూరమున్నది. ఆమెను పిలిచి, ఆమె మాట విని, తమ సంఘపు దారినే మార్చుకొన్న ఆ సభవారు స్త్రీలకు సాధారణ సభ్యత్వమిచ్చినది మాత్రము 1987లో. రోటరీవారును అంతే, అమెరికా సర్వోన్నత న్యాయస్థానము అదే 1987లో తీర్పు చెప్పిన తరువాతగాని, 1989లోగాని వారు తమ నియమమును మార్చుకొనలేదు. అతిథిగా వేదికనెక్కవచ్చును, సభ్యురాలిగా క్రింద కూర్చుండరాదు. ఎనుబదేండ్లపాటు ఇదియు ఒక మర్యాదగనే చెల్లినది.

మాట ఒక్కటియే చాలదనుటకు మరియొక చిన్న కథ కలదు. 1930లో ఇల్లినాయి రాష్ట్రమందలి పియోరియా పట్టణములో జార్జి బానమ్ అను లయన్స్ సభ్యుడు, ఒక అంధుడు వీధి దాటలేక తడబడుట చూచెను. అతని చేతికర్ర నల్లనిది. నల్లని బాటమీద అది బండ్లు తోలువారికి కనబడలేదు. కర్రకు తెల్లరంగు వేసినచో? అతడు తన సంఘమున ఆ మాట చెప్పెను. సంఘమువారు కర్రలకు తెల్లరంగు వేయించి పంచిరి. ఆ యేడాది డిసెంబరులోగా, తెల్లకర్ర పట్టినవారికి దారి యీయవలెనని పట్టణసభ శాసనము చేసెను. రంగు వెల యెంత? శాసనము చేయించుటకు అయిన ఖర్చెంత? అందు కావలసినది ధనము కాదు. చూచినవాడు, వినినవారు, చట్టము తెలిసినవాడు, రంగుడబ్బా గలవాడు ఒక్క గదిలో ఉండుట, అందొకడు నోరు తెరచుట.

తెలుగునాట ఇట్టి అవకాశము ఎట్లు జారిపోవుచున్నదో చూచుటకు ఒక సందర్భమును ఊహింపవచ్చును. సెప్టెంబరు 5వ తేదీ వచ్చినదనిన సేవాసంఘములు ఉపాధ్యాయులను పిలిచి సన్మానించును. 1962లో సర్వేపల్లి రాధాకృష్ణన్ రాష్ట్రపతియైన నాటినుండి ఆ దినము ఉపాధ్యాయ దినోత్సవమైనది గదా. ఆనాటి అతిథి ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇరువదియేండ్లుగా లెక్కలు చెప్పుచున్న మాస్టారు. గురువుయొక్క గొప్పతనమును గూర్చి ఐదు నిమిషములు మాటలాడుడని ఆయనను కోరుదురు. తన గొప్పతనమును తానే చెప్పుకొనుట ఎట్లో తెలియక ఆయన ఒక శ్లోకము చదివి, విద్యార్థుల ధర్మములు నాలుగు చెప్పి, శాలువా కప్పించుకొని దిగివచ్చును.

ఆయనకు తెలిసిన అసలు సంగతి ఆయనవద్దనే యుండిపోయినది. ఆరవ తరగతిలో మూడవ బల్లమీది పిల్ల నల్లబల్లవైపు చూచునప్పుడు కనులు చికిలించును. బల్లమీదినుండి ఎక్కించుకొనక ప్రక్కపిల్ల పుస్తకము చూచి వ్రాసికొనును. అందుచేత లెక్కలో మూడు ఎనిమిదియగును, దశాంశ బిందువు మాయమగును. మార్కులు తగ్గును, ఇంట దెబ్బలు పడును, చదువబ్బలేదని రెండేండ్లకు బడి మానిపింతురు. చూపు మందమని ఆ పిల్లకే తెలియదు. పుట్టినది మొదలు మసకగా చూచినవారికి లోకమే మసకయని తోచును. అందరికిని అట్లే కనబడునని అనుకొందురు. తల్లిదండ్రులకును తెలియదు, ఇంటిలో చేతికందు వస్తువులన్నియు ఆ పిల్లకు బాగుగనే కనబడును గనుక. ఈ లోపమును మొదట కనిపెట్టగలిగినవాడు ఉపాధ్యాయుడొక్కడే. దూరపుచూపు పరీక్షించుట గొప్ప విద్యయు కాదు. 1862లో హాలెండు వైద్యుడు స్నెల్లెన్ రూపొందించిన అక్షరముల పటము వంటిదానిని ఆరు మీటర్ల దూరమున గోడకు తగిలించి, ఒక్కొక్క కన్నును మూసి చదివించుటయే. అరగంట శిక్షణతో ఏ ఉపాధ్యాయుడైనను ఆ ప్రాథమిక పరీక్ష చేయగలడు. అద్దముల సంఖ్య తేల్చుట తరువాత వైద్యుని పని.

ఇప్పుడు ఆ సన్మానసభలో ఎవరెవరు కూర్చుండియున్నారో లెక్కింపవలెను. ముందు వరుసలో కంటి వైద్యుడున్నాడు. ఆయన ప్రక్కన కళ్ళద్దాల దుకాణము గలవాడు. రెండవ వరుసలో అచ్చుయంత్రము గలవాడు. పటములు అచ్చువేయుట ఆయనకు ఒక పూట పని. ఆ వెనుక బస్సులు గలవాడు. పిల్లలను ఆసుపత్రికి చేర్చుటకు ఆదివారమునాడు ఒక బస్సు చాలును. కావలసినదంతయు ఆ గదిలోనే యున్నది. లేనిది ఒక్క ప్రశ్న. ‘మాస్టారూ, మీ పాఠశాలలో పిల్లలకు కావలసినదేమి?’ అని ఒక్కరు అడిగినచో చాలును. ఎవరును అడుగలేదు. అడుగుటకు కార్యక్రమపత్రమున చోటు లేదు. భోజనమునకు ముందు జాతీయగీతమున్నది.

ఈ పనిని ప్రభుత్వములు చేయుచునే యున్నవి గదాయని కొందరందురు. తెలంగాణమున 2018లోను, ఆంధ్రప్రదేశమున 2019లోను కంటివెలుగు పేర పరీక్షలు ప్రారంభమైనవి. ఆంధ్రప్రదేశమున మొదటి దశలో పరీక్షించినది పాఠశాల పిల్లలనే. అది గొప్ప ప్రయత్నమే. కాని ఎదుగు పిల్లల చూపు ఒక్కసారి కొలిచి వదలునది కాదు. దూరపుచూపు లోపము వయస్సుతో పెరుగును. పోయిన యేటి అద్దములు ఈ యేట చాలవు. ఆటస్థలమున అద్దములు పగులును. పగిలిన పిదప క్రొత్తవి కొను స్తోమత లేక పెట్టెలో దాచుదురు. కళ్ళద్దాల పిల్లకు పెండ్లి కాదని తీసివేయించు తల్లులును ఉన్నారు. ఏటేట మరల చూడవలసినది, ఇంటికి పోయి నచ్చచెప్పవలసినది, ఒక ఊరికి పరిమితమైనది అగు ఇట్టి పనికే స్థానిక సంఘము తగును.

పట్టుదల యుండినచో ఈ సంఘములు చేయలేనిది కాదు. పోలియో విషయమున రోటరీవారి శ్రమయే ఇందుకు సాక్ష్యము. 1979లో ఫిలిప్పీన్స్ దేశములో పిల్లలకు చుక్కలమందు వేయుటతో మొదలిడి, 1985లో లోకమునుండియే ఆ వ్యాధిని తుడిచివేయుదుమని ప్రతినబూనిరి. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇతర సంస్థలును ఆ కార్యమును తలకెత్తుకొన్నవి. భారతదేశమున చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో కనబడినది. 2014 మార్చి 27వ తేదీన దేశము పోలియో రహితమని ధ్రువీకరింపబడినది. పల్స్ పోలియో ఆదివారములందు బడి వరండాలో బల్ల వేసికొని కూర్చున్నవారిలో ఉపాధ్యాయులును, సంఘసభ్యులును, ఆరోగ్య కార్యకర్తలును కలిసియుండిరి. ఒక్క పని పట్టుకొని దశాబ్దములు విడువకుండుట ఎట్లో వారికి తెలియును. తెలియనిది, లేక మరచినది, తమ ఊరిలో పట్టుకొనవలసిన పని యేదో ప్రతివారము వచ్చు అతిథిని అడిగి తెలిసికొనుట.

ఉపన్యాసమును కార్యమునకు ముడివేయుట తెలుగువారికి అరువు తెచ్చుకొనవలసిన విద్య కాదు. ఆ పని చేసి చూపినవాడు ఒక బడిపంతులు. రాజమహేంద్రవరమున తెలుగు పండితుడుగా నుండిన కందుకూరి వీరేశలింగము 1879లో వితంతు వివాహమును గూర్చి ఉపన్యసించెను. పరాశరస్మృతిని ప్రమాణముగా చూపెను. సభలోనివారు చప్పట్లు కొట్టి ఇంటికి పోలేదు. ఊరంతయు అట్టుడికినట్లుడికెను. పండితులు ఖండనములు వ్రాసిరి. వానికి సమాధానముగా ఆయన మరల ఉపన్యసించెను. వాదప్రతివాదములతో మాట పదునెక్కెను. రెండేండ్లు గడచిన పిమ్మట, 1881 డిసెంబరు 11వ తేదీన, రాజమహేంద్రవరములో మొదటి వితంతు వివాహము జరిగెను. ఊరివారి బెదిరింపులకు వెరువక ఆనాడు ఆయనకు అండగా నిలిచినవారిలో విద్యార్థులు పెక్కురు. ఆ ఉపన్యాసమునకు వందనసమర్పణ జరిగెనో లేదో ఎవరికిని జ్ఞాపకము లేదు.

ప్రశ్నించుట అతిథిని అవమానించుటయగునని శంకించువారున్నారు. ఇది తెలుగువారి నోట రావలసిన మాట కాదు. ఎనమండుగురు పృచ్ఛకులు చుట్టు కూర్చుండి ప్రశ్నలు గ్రుప్పించుచుండగా నిలిచి సమాధానము చెప్పువానికే అవధాని యని పేరు పెట్టి గౌరవించిన జాతి ఇది. అవధానమున ప్రశ్న కవికి అవమానము కాదు, అదియే అతనికి వేదిక. అందును ఆ ఎనమండుగురిలో అప్రస్తుత ప్రసంగము చేయువాడు ఒక్కడే. వారపు సభలలో ఒక్కొక్కనాడు ఆ పదవి అందరికిని పంచియిచ్చినట్లు తోచును.

అతిథి యెవరన్నదియు ఆలోచింపవలసినదే. పదవి పెద్దదైనకొలది పిలుపు త్వరగా అందుచున్నది. అధికారులు రావలదని కాదు. వారి చేతిలో సంతకమున్నది, అదియు అవసరమే. కాని బదిలీపై వచ్చిన అధికారికి ఊరి సంగతి ఫైలులో నున్నంతవరకే తెలియును. మురుగుకాలువలో దిగి పనిచేయు కార్మికుడు, కాన్పుల వార్డులోని నర్సు, రాత్రివేళ బస్సు నడపు డ్రైవరు, హాస్టలు వంటమనిషి, ఊరి గ్రంథాలయమున పత్రికలు పేర్చు గ్రంథపాలకుడు వీరిని అతిథులుగా పిలిచిన సభలెన్ని? వారికి ఉపన్యసించుట రాదందురు. పది నిమిషములు తమ పనిని గూర్చి చెప్పుట ఎవరికి రాదు? తడబడినను, కూర్చున్నవారు నాలుగు ప్రశ్నలు వేసిన తక్కినది తానే బయటపడును. మొదటినుండియు ఈ సంఘములందు సభ్యుడు తన వృత్తిని గూర్చి తోటివారికి వివరించు ఆచారమొకటి కలదు. ఆ ఆచారమునే సభ్యులు కానివారికి విస్తరింపజేయుట కష్టమైన పని కాదు.

పగలంతయు పనిచేసి అలసివచ్చినవారు కాసేపు స్నేహముగా గడుపుటకు వత్తురుగాని, పాఠములు వినుటకు రారనువారి మాటయందు నిజము లేకపోలేదు. హారిస్ సైతము మొదట కోరినది స్నేహమునే. హాజరు విషయమున పట్టుదల చాలించి, వారమునకొకమారు కాక నెలకు రెండుమార్లు కూడినను చాలునని 2016లో రోటరీవారు సంఘములకు స్వేచ్ఛ నిచ్చిరి. సభలు తగ్గినప్పుడు ఒక్కొక్క సభ విలువ పెరుగవలెను గాని తగ్గరాదు. పరిచయమును రెండు పుటలనుండి రెండు వాక్యములకు కుదించి, ఆ మిగిలిన పది నిమిషములను ప్రశ్నలకు విడిచినచో భోజనము ఒక్క నిమిషమైనను ఆలస్యము కాదు. స్నేహమునకును హాని లేదు. కలిసి నవ్వినవారికన్న కలిసి ఒక పిల్లకు అద్దములు తగిలించినవారు ఒకరినొకరు ఎక్కువ కాలము గుర్తుంచుకొందురు.

విద్యార్థులకు ఇందు పాత్ర లేకపోలేదు. 1962లో అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున ఒక ఉన్నత పాఠశాలలో ఇంటరాక్ట్ అను విద్యార్థి సంఘమును రోటరీవారు ప్రారంభించిరి. తెలుగు జిల్లాలలోని పాఠశాలలందును అట్టివి నెలకొన్నవి. కాని పెద్దల సభకు ఆ పిల్లలను పిలుచుట తరచుగా ప్రార్థనాగీతము పాడించుటకే. పాట ముగియగానే వారిని బయటికి పంపివేయుదురు. వారిని ఉపన్యాసము ముగియువరకు కూర్చుండనిచ్చి, మొదటి రెండు ప్రశ్నలు వారివే కావలెనను నియమమును పెట్టి చూడవచ్చును. పిల్లలకు మర్యాదకొఱకు ప్రశ్న మింగుట ఇంకను అలవాటు కాలేదు. అన్నదాతలకు చేయుచున్న సేవను గూర్చి ఒక అధికారి ముప్పావుగంట వర్ణించినపుడు, ‘మా నాన్న ధాన్యము డబ్బు ఎప్పుడు వచ్చును?’ అని అడుగువారు ఆ గదిలో వారు తప్ప ఎవరుందురు?

కార్యదర్శి మినిట్సు పుస్తకమున సాధారణముగా వ్రాయునది ఒక్క వాక్యము: అతిథి ఉపన్యాసము మిక్కిలి ఆసక్తికరముగా సాగినది. దాని క్రింద మరి మూడు పంక్తులకు చోటు చేయవచ్చును. ఎవరు ఏమి అడిగిరి. అతిథి ఏమి కోరెను. ఏ సభ్యుడు ఏ తేదీలోగా ఏమి చేసెదనని ఒప్పుకొనెను. మరుసటి సభలో పుట్టినరోజు శుభాకాంక్షలకు ముందు ఆ మూడు పంక్తులను బిగ్గరగా చదువవలెను. ఆలస్యముగా వచ్చినవారికి వేయు జరిమానాను, ఆ తేదీ దాటినను పని చేయనివారికి సైతము వేయవలెను.